జీలుగువలసలో మంచు డాన్సు

నేను మొన్న డిసెంబరులో సాలూరు అవతలికి వెళ్లి వచ్చాను. ఈ మాట మా తెనాలిలో చెబితే ఇద్దరు "పాపం, ఏం జబ్బు చేసింది?" అని అడిగారు. విశాఖపట్నంతో ఆంధ్రదేశం అయిపోతుందనీ, ఆ పైన ఉన్నదంతా కొండలూ మలేరియా అనీ మావాళ్ల నమ్మకం. మొన్నటిదాకా నాదీ అదే నమ్మకం. వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెళ్లినవాళ్లు తప్పులు పడతారు, పట్టనివ్వండి.

వెళ్లింది ఫిడేలు వాయించడానికి. కచేరీకి కాదు, డాన్సుకి. ఆ డాన్సు స్కాట్లాండు పల్లెటూళ్లలో ఆడేదట. పేరు 'స్నో ఆన్ ది మిల్ రోడ్', అంటే మిల్లు దారిలో మంచు. ఇంతవరకూ చదివి మీరు పుస్తకం మూసేస్తే నేనేమీ అనుకోను. ఈ సంగతి రాసిన ఉత్తరం వచ్చినప్పుడు నేనూ మడిచి గూట్లో పెట్టేశాను.

ఉత్తరం రాసినవాడు అప్పారావని ఒక కాంపౌండరు. సాలూరుకి ఏడు మైళ్ల అవతల జీలుగువలస అనే ఊళ్లో చిన్న ఆస్పత్రి ఉంది. దాన్ని ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక స్కాట్లాండు డాక్టరమ్మ నడుపుతోంది. ఇప్పుడు వయసు మీద పడి, ఒక శుక్రవారం నాడు బయల్దేరి స్వదేశం వెళ్లిపోతోంది. మళ్లీ రాదు. వచ్చిన కొత్తలో ఆవిడ ఒకసారి అన్నదట: మా ఊళ్లో చలికాలం రాగానే అందరం ఈ డాన్సు ఆడతాం, దీనికి నాలుగు జంటలు కావాలి, ఇక్కడ నాకు ఎనిమిది మంది ఎక్కడ దొరుకుతారు అని. ఆ తరవాత ఆ ఊసే ఎత్తలేదట. ఆవిడ ఊరు దాటేలోపు ఒక్కసారైనా ఎనిమిది మందిని పోగుచేసి ఆ డాన్సు చూపించాలని కాంపౌండరు పట్టుదల. డాన్సు పద్ధతి అచ్చువేసిన ఇంగ్లీషు కరపత్రమూ, స్వరాలు రాసిన కాయితమూ ఆవిడ బీరువాలోంచి చెప్పకుండా తీసి, స్వరాల కాయితం నాకు పంపాడు. "ఎనమండుగురూ కుదిరారు, ఫిడేలొక్కటే తక్కువ" అని రాశాడు.

నా పేరు అతనికి చెప్పింది తెనాలిలో ఉన్న అతని తోడల్లుడు. ఇంగ్లీషు స్వరాలు చూసి వాయించగల విద్వాంసుణ్ణి నేనని ఆ పెద్దమనిషి నమ్మకం. మద్రాసు స్టూడియోలో మూడు నెలలపాటు చివరి వరసలో కూర్చుని వాయించిన మాట నిజమే. ఆ మూడు నెలల్నీ మా వీధిలో కాస్త సాగదీసి చెప్పుకున్న మాటా నిజమే. చేసుకున్నవారికి చేసుకున్నంత అని పెట్టె సర్దుకున్నాను.

దిగిన చోటు చీపురుపల్లి

విజయనగరంలో దిగాల్సినవాణ్ణి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఎదుటి బల్ల మీద ఒక ముసలమ్మ చుట్ట కాలుస్తోంది. చుట్ట కాల్చే ముసలమ్మలు మా వైపూ ఉన్నారు. ఈవిడ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, ఆరిన కొస బయటికి పెట్టి, నింపాదిగా పొగ వదులుతోంది. కల ఇంకా అవలేదేమోనని కళ్లు నులుముకున్నాను. తరవాత ధైర్యం తెచ్చుకుని విజయనగరం ఎప్పుడొస్తుందండీ అని అడిగాను.

"ఇజీనారం ఎల్లిపోనాది గదా బావూ," అంది ఆవిడ, చుట్ట తియ్యకుండానే. "ఇది సీపురుపల్లి. దిగు, దిగు."

ఆవిడా అక్కడే దిగింది. తిరుగు బండికి రెండు గంటలుంది. ఆ రెండు గంటలూ నన్ను స్టేషను బల్ల మీద కూర్చోబెట్టి మా ఊరు, ఇంటిపేరు, మా అమ్మ పుట్టిల్లు, మా ఆవిడ పుట్టిల్లు అన్నీ లాగింది. చివరికి, "మా సిన్నాన్న మనవరాల్ని మీ పక్కకే ఇచ్చినారు. ఐతే నువ్వు నాకు తమ్ముడివి. నన్ను అప్పా అని పిలు," అని తేల్చేసింది. అక్కని అక్కడ అప్ప అంటారు. ఆ లెక్క ఎలా కట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు. వరస తేలిన మరుక్షణం ఆవిడ కంఠం మారిపోయింది. మూట విప్పి కాల్చిన తేగలు చేతిలో పెట్టి, "తినవేటి, అలా సిక్కిపోయి ఉన్నావు, మీ ఆడది తిండెట్టదేటి?" అని మా ఆవిణ్ణి నాలుగు తిట్టింది.

మా వైపు రైల్లో పక్కవాడి ఊరు అడుగుతాం, కులం కనిపెడతాం, అక్కడితో వదిలేస్తాం. ఇక్కడ వరస తేలితేనే గానీ మాట సాగదు. మావో బావో అప్పో తమ్ముడో ఏదో ఒకటి ఖాయం చేసుకుని, పెట్టినా తిట్టినా ఆ వరస మీదే కానిస్తారు. ఇదేదో ముసలివాళ్ల చాదస్తం అనుకున్నాను ఆవేళ.

విజయనగరంలో దాక్కోవడం

విజయనగరం ఫిడేలుకి పుట్టినిల్లు. ఆ ఊళ్లో ఫిడేలు పెట్టె పట్టుకుని నడవడమంటే పోలీసు లైన్లలో దొంగసొత్తు మోసినట్టే. పెట్టెని దుప్పట్లో చుట్టి, చంకన పెట్టుకుని, కోట పక్కనుంచి తల వంచుకుని పోయాను. అయినా ఒక కుర్ర విద్యార్థి కనిపెట్టేశాడు. నమస్కారం పెట్టి తమరిది ఏ బాణీ అండీ అన్నాడు. వైద్యం పని మీద వచ్చాను నాయనా అన్నాను. అతను పెట్టె వంకా నా వంకా చూసి మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు, మర్యాదస్తుడు.

హోటల్లో భోజనం రూపాయి పావలా. పనసపొట్టు ఆవపెట్టి చేసిన కూర అమృతంలా ఉంది, అది ఒప్పుకోవాలి. ఆ తరవాత పులుసు పోశాడు. నోట్లో పెట్టుకుంటే పాకం. వడ్డించేవాణ్ణి పిలిచి పులుసులో బెల్లమెందుకయ్యా అని అడిగాను.

"బెల్లమెయ్యకపోతే పులుసెలాగవుతాది బావూ?" అన్నాడతను, నా తెలివి మీద జాలిపడి.

కొరివికారం ఉందా అని అడిగితే పచ్చిమిరపకాయ ఒకటి తెచ్చి ఆకులో పెట్టి, తింటానేమోనని పక్కనే నిలబడి చూశాడు. తిన్నాను. తెనాలి పరువు ఆ ఒక్క మిరపకాయతో నిలిచిందని నా అభిప్రాయం.

సాలూరు: పెట్టెలో ఏమున్నాది?

బొబ్బిలిలో బండి మారి సాలూరులో దిగేసరికి తెల్లవారుతోంది. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ఊరు కనబడలేదు, లారీల హారన్లు మాత్రం వినబడ్డాయి. సాలూరులో మనిషికో లారీ ఉంటుందంటారు, అది అబద్ధమైనా అక్కడ నిలబడితే నిజమనిపిస్తుంది.

కొండల్లో ఏవో గొడవలుగా ఉన్నాయని ఆ వైపు పోయే సామానంతా పోలీసులు చూస్తున్నారు. ఒక కానిస్టేబులు నన్ను ఆపాడు.

"ఆ పెట్టెలో ఏటున్నాది?"

"ఫిడేలండీ."

"తియ్యి."

తీశాను. అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి నాకే ఇచ్చి, "వాయించు," అన్నాడు. ఆ చలిలో వేళ్లు కొంకర్లు పోతుంటే ఒక వర్ణం మొదలెట్టాను. నాలుగు లారీల వాళ్లు చుట్టూ మూగారు. కానిస్టేబులు తల అడ్డంగా తిప్పి ఏదైనా ఉషారుగా వాయించమన్నాడు. సరే కదా అని కాంపౌండరు పంపిన స్వరాల కాయితం జ్ఞాపకం చేసుకుని ఆ స్కాట్లాండు పాట అందుకున్నాను. ఇదేం పాట అని అడిగాడు. మంచు పాట అన్నాను. అతను తల ఎత్తి చుట్టూ ఉన్న మంచు చూసి, నా మొహం చూసి, ఇక అడిగి లాభం లేదనుకున్నాడేమో, వెళ్లమన్నాడు.

ఆ మూగినవాళ్లలో ఒకడు ముందుకొచ్చి పెట్టె అందుకున్నాడు. పేరు గురువులు, లారీ డ్రైవరు, ఊరు జీలుగువలస. ఆ ఎనమండుగురిలో తనూ ఒకణ్ణని చెప్పి నన్ను లారీలో ఎక్కించుకున్నాడు. రెండు మైళ్లు తోలి, ఆ పైన గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"పంతులుగారూ, ఆ పాట కాసింత బేగి అయిపోయేలాగ వాయించాల మీరు."

"ఎందుకోయ్?"

"నా జోడీ మా అత్తండి."

కథ ఏమిటంటే, గురువులు భార్యకి ఏడో నెల. గెంతకూడదని డాక్టరమ్మే చెప్పింది. ఎనిమిదో మనిషి దొరక్క, ఆస్పత్రి ఆయా ఎర్రమ్మని, అంటే సాక్షాత్తూ గురువులు అత్తగారిని, అతనికి జంటగా నిలబెట్టాడు కాంపౌండరు.

"పెళ్లయి ఆరేళ్లండి. మా అత్త నా ఎదరకి ఒక్కపాలి రానేదు. అన్నం ఎట్టమనాలన్నా తలుపెనకాల నుంచే సెప్తాది. ఇపుడు సెయ్యి సెయ్యి పట్టుకుని ఎగరాలంట. లోయలో లారీ దింపమంటే దింపుతాను గానీ ఇది నావల్ల కాదు."

"అంత ఇబ్బందైతే మానెయ్యరాదూ?"

గురువులు గేరు మార్చాడు. "నా పెద్దగుంటడికి పాము కరిస్తే మూడు రాత్రులు పక్కనే కూకుని బతికించినాదండి డాక్టరమ్మ. ఎలాగ మానేత్తాను?" అన్నాడు.

నాయుడి కళ్లం

జీలుగువలసలో పొద్దున్నే చోడి అంబలి పోశారు. చోళ్లు అంటే మన రాగులే. ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాలి. మొదటి రోజు మర్యాదకి తాగాను, రెండో రోజు అడిగి పోయించుకున్నాను.

డాన్సు ఆడటానికి ఎనిమిది మంది పట్టే చదునైన చోటు ఆ ఊళ్లో ఒక్కటే, సన్యాసినాయుడి కళ్లం. నూర్పిళ్లు అయిపోయి, పేడతో అలికి, గచ్చులా ఉంది. నాయుడికి అరవై దాటాయి. పెద్ద రైతు, ఊరి తగవులన్నీ ఆయనే తీరుస్తాడు. కళ్లం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు గానీ ఆ డాన్సేమిటో ముందు తనకి చెప్పాలన్నాడు. నులకమంచం వేయించుకుని కూర్చున్నాడు.

"ఏటి దీని పేరు?"

కాంపౌండరు చెప్పాడు.

"మంచు పడితే దుప్పటి కప్పుకుని పొయ్యి కాడ కూకోవాల గానీ ఎగురుతారేటి?" అన్నాడు నాయుడు. ఇన్నాళ్ల నా అనుమానం కూడా అదే, పైకి అనలేకపోయాను.

కాంపౌండరు కరపత్రం తెలుగు చేసి చదివాడు. మగవాళ్లొక వరస, ఆడవాళ్లొక వరస ఎదురెదురుగా నిలబడాలి. మొదటి జంట చేతులు పట్టుకుని మధ్యగా పోయి రావాలి. ఆ పైన అందరూ చుట్టూ తిరుగుతూ, ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ ఒకసారి కుడిచెయ్యి, ఒకసారి ఎడంచెయ్యి ఇచ్చుకుంటూ పోవాలి. ఆఖర్న ఎనిమిది మందీ చేతులు కలిపి గుండ్రంగా తిరగాలి.

నాయుడు చెయ్యి ఎత్తాడు. "ఆగు. ఎవుడి పెళ్లాం సెయ్యి ఆడు పట్టుకుంటే నాకు తగువు నేదు. ఎదురొచ్చినోల్ల సెయ్యల్లా పట్టుకోడమేటి? ఏ వరసన పట్టుకుంటారు?"

అక్కణ్ణుంచి మొదలైంది విచారణ. అన్నాచెల్లెళ్లు పట్టుకోవచ్చు. బావామరదళ్లు పట్టుకోవచ్చు, నలుగురూ నవ్వుతారు గానీ తప్పు లేదు. మావా కోడలూ కూడదు. అత్తా అల్లుడూ అసలే కూడదు. తమ్ముడి భార్య చెయ్యి అన్న పట్టరాదు. కులాలు వేరైనా ఊరి వరసలు ఊరి వరసలే. ఆ ఎనిమిది మందిలో నాయుడి కొడుకూ కోడలూ ఉన్నారు, కాంపౌండరూ అతని భార్యా ఉన్నారు, కొట్టు శెట్టీ అతని భార్యా ఉన్నారు, గురువులూ అతని అత్తా ఉన్నారు. ఎవరికి ఎవరు ఎదురొచ్చినా నాయుడిది ఒకటే ప్రశ్న: "ఈల్లిద్దరూ ఏటవుతారు?"

కూడని చోటల్లా ఏం చెయ్యాలో కూడా ఆయనే చెప్పాడు. తువ్వాలు. ఒక కొస ఒకరు, ఒక కొస ఒకరు. కాంపౌండరు ఒక పెద్ద కాయితం మీద పట్టిక గీశాడు. చెయ్యి పట్టుకోదగ్గ చోట 'చె' అని, తువ్వాలు కావలసిన చోట 'తు' అని రాశాడు. సాయంత్రానికి కాయితం నిండా 'తు'లు నిండాయి. ఊళ్లో తువ్వాళ్లన్నీ కళ్లంలోకి వచ్చాయి. డాక్టరు చదువుకి కూడా ఇంత ఉండదని కాంపౌండరు నాతో రహస్యంగా అన్నాడు.

ఆట మొదలైంది. తప్పెట వాయించేవాడు ఒకతను లయకి నాకు తోడొచ్చాడు. నేను మొదటి గమకం వేసేసరికే శెట్టిగారు ఎడమకీ కుడికీ తేడా మర్చిపోయాడు. రెండు నిమిషాల్లో అందరూ ఆగిపోయి, ఫిడేలు సరిగ్గా లేదని ఏకగ్రీవంగా తేల్చారు. ఆడలేక మద్దెల ఓడు అని ఎందుకన్నారో ఆ రోజు అర్థమైంది. నేనేమీ తక్కువ తినలేదు, తప్పెట సరిగ్గా లేదని నేను చెప్పాను.

ఎర్రమ్మ నోట్లో నిప్పు కొస లోపలికి పెట్టిన చుట్ట ఉంది. డాన్సుకైనా తీయనంది. అల్లుడికి ఎదురుగా నిలబడక తప్పదు కాబట్టి, నోరు తెరిచి మాట్లాడే అవసరం రాకుండా అదొక ఉపాయమట. గురువులు మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని ఆడాడు. ఘాట్‌రోడ్డులో ఇలా తోలవు కదా అని అతన్ని అడిగాను.

లక్ష్మివారం సాయంత్రం

మర్నాడు గురువారం. దాన్ని అక్కడ లక్ష్మివారం అంటారు. పొద్దు ఇంకా ఉండగానే డాక్టరమ్మని కళ్లానికి తీసుకొచ్చి, కుర్చీ వేసి, బంతిపూల దండ వేశారు. ఆవిడ పొట్టిగా, గట్టిగా, నెరిసిన జుట్టు ముడి వేసుకుని ఉంది. ముతక చీర. పెట్టెలు అప్పటికే ఆస్పత్రి వసారాలో తాళ్లు బిగించి ఉన్నాయి.

నేను ముందు పాట ఎత్తుకున్నాను. మొదటి చరణానికే ఆవిడ దండ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. నా వాయింపు మహిమ కాదని నాకు తెలుసు. అయినా ఆ ముహూర్తాన నాకు ఒళ్లు పొంగింది.

తరవాత ఆట. రెండు వరసలూ బాగానే కదిలాయి. చుట్టూ తిరగడంలోకి దిగేసరికి ఒక తువ్వాలు ఇంకో తువ్వాల్లోంచి దూరింది. పట్టిక ప్రకారం ఎవరూ కొస వదలకూడదు, కాబట్టి ఎవరూ వదలలేదు. మూడో చుట్టుకి ఎనిమిది మందీ నడుముల దగ్గరా మెడల దగ్గరా చిక్కుపడి కళ్లం మధ్య ఒక్క ముద్దగా నిలిచిపోయారు. ఆ ముద్దకి సరిగ్గా నడిమధ్య, ముక్కుకి ముక్కు ఆనించుకుని, ఎర్రమ్మా ఆవిడ అల్లుడూ. గురువులు కళ్లు మూసుకునే ఉన్నాడు. ఎర్రమ్మ ముక్కుల్లోంచి పొగ వదులుతోంది.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ లేచింది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వలేక చస్తోంది. ఆవిడ ఇంగ్లీషులో ఏమంటుందోనని నేను చెవులు రిక్కించాను.

"ఏటర్రా ఇది, సంతకి గొర్రెల్ని కట్టినట్టు కట్టీసుకున్నారు," అంది డాక్టరమ్మ. "వదలండి ముందు. ఇది కూకుని సూసే ఆట కాదు. ఆడాల. నానొత్తాను."

స్కాట్లాండు మనిషి నోట అచ్చమైన జీలుగువలస తెలుగు. తెనాలి తెలుగు ఒక్కటే తెలుగనే నా గర్వం అక్కడికక్కడే సగం దిగిపోయింది.

ముద్ద విప్పేసరికి శెట్టి భార్యకి కాలు బెణికింది. శెట్టి ఆవిణ్ణి పట్టుకుని పక్కకి పోయాడు. ఒక జంట ఖాళీ. డాక్టరమ్మ చీర చెంగు బిగించి ఆడవాళ్ల వరసలోకి వచ్చి నిలబడింది. అప్పుడు నాయుడు మంచం మీంచి చెయ్యి ఎత్తాడు.

"ఆగండి. డాక్టరమ్మ మనకేటవుతాది?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాంపౌండరు పట్టిక వెతికాడు, అందులో ఆవిడ లేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ ఊళ్లో పుట్టిన ప్రతివాణ్ణీ మొదట చేతిలోకి తీసుకున్న మనిషి. ఒక్క సాయంత్రంలో వరస తేల్చేసే ఆ ఊరు ఆవిడకి మాత్రం ఏ వరసా పెట్టలేదు. అందరికీ డాక్టరమ్మే. నాయుడు అడిగేదాకా ఆ సంగతి ఎవరికీ తోచినట్టు లేదు.

"ఏ వరసా నేదు నాయుడూ," అంది డాక్టరమ్మ. "నాకు తువ్వాలే ఇచ్చీయండి."

నవ్వుతూనే అంది. ఎర్రమ్మ మొట్టమొదటిసారి నోట్లోంచి చుట్ట తీసింది.

పక్కనుంచి శెట్టి లేచాడు. ఊళ్లో పిల్లలందరికీ పురుడు పోసిన మనిషి కాబట్టి ఆవిడ అందరికీ తల్లే, వరస దానంతటదే తేలిపోయింది అన్నాడు. బాగుందని అందరూ తల ఊపారు. నాయుడు ఊపలేదు.

"తల్లయితే ఈ ఎనమండుగురూ అన్నాసెల్లెల్లయిపోతారు. మరి మొగుడూపెల్లాలేటయిపోవాల?"

పోనీ దేవత అనుకుందాం అన్నాడు కాంపౌండరు.

"దేవతకి దండం ఎడతారు. సెయ్యట్టుకుని ఎగురుతారేటి?"

నాయుడి కొడుకు అత్త అందామన్నాడు. ఇంకో అత్తా అని గురువులు వరసలోంచి బయటికి నడవబోతే ఇద్దరు పట్టుకుని ఆపారు. పొద్దు కొండల మీదకి వాలుతోంది. డాక్టరమ్మ ఆ వరసలోనే, చేతులు రెండూ వేలాడేసుకుని నిలబడి ఉంది. పక్కవాళ్లు చెయ్యి ఇవ్వలేరు, తువ్వాలు ఇవ్వడానికి మనసు రాదు. మహాసభల్లో వక్తలు గంటల తరబడి మాట్లాడుతుంటే విన్నాను గానీ ఇంత బరువైన చర్చ నేనెప్పుడూ వినలేదు.

నాయుడు మంచం దిగాడు. ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నీకెన్నేల్లు?"

"అరవయ్యారు."

"నాకూ అరవయ్యారే. ఏ నెల?"

"జనవరి. నాను పుట్టిన్నాడు మా మిల్లు దారంతా మంచేనంట. మంత్రసాని రానేకపోనాదంట."

నాయుడు వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. "మాయమ్మ కార్తీకంలో సోడి కోతకెల్లొచ్చి నన్ను కన్నాది. ఐతే నాకంటే ముందరే పుట్టినావు." "నాకు తోడబుట్టినోల్లు నేరు. నువ్వు నాకు అప్పవి."

భుజం మీది తువ్వాలు తీసి మంచం మీద పడేశాడు. శెట్టి ఖాళీ చేసిన చోట తనే వచ్చి నిలబడి, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

అంతే, ఒక్క ముడి విప్పితే జడంతా విడినట్టు అయింది. నాయుడి కొడుక్కి ఆవిడ మేనత్త, చెయ్యి పట్టుకోవచ్చు. ఎర్రమ్మకి నాయుడు అన్న వరస, కాబట్టి ఆవిడ ఎర్రమ్మకీ అప్పే. కాంపౌండరు పట్టిక మీద గబగబా 'చె', 'చె', 'చె' అని రాసుకుంటూ పోయి, గురువులు దగ్గర ఆగాడు. అత్తగారికి అప్ప అంటే అతనికి పెద్దత్త. తువ్వాలే. "మల్లా అత్తేనా," అని గురువులు తువ్వాలు అందుకున్నాడు.

వాయించాను. నాయుడు ఒక్క అడుగు కూడా సరిగ్గా వెయ్యలేదు. కుడి అంటే ఎడం, పైకి అంటే కిందికి. ఆవిడ అతన్ని లాక్కుంటూ, తోసుకుంటూ, "ఇటు రా, ఇటు, తమ్ముడూ," అని తిడుతూ ఆడించింది. రెండుసార్లు ఆడారు. మూడోసారి ఎవరూ అడక్కుండానే నేను మళ్లీ మొదలెట్టాను. ఫిడేలు సరిగ్గా లేదని ఈసారి ఎవరూ అనలేదు.

ఆట అయ్యాక ఆవిడ అందరి దగ్గరా సెలవు తీసుకోబోయింది. రేపు పొద్దున్నే లారీలో సాలూరు వెళ్లాలి కదా అంది.

"రేపేటి?" అన్నాడు నాయుడు. "రేపు సుక్రోరం."

"అవును. ఓడకి అందాల నాయుడూ."

"సుక్రోరం ఆడపిల్లని గుమ్మం దాటనిస్తారేటి ఎవులైనా? నిన్నటిదాకా డాక్టరమ్మవి, ఏ వారమైనా ఎల్లీదానివి. ఇపుడు మా ఇంటి ఆడపిల్లవి. సారె కట్టాల, పసుపూ కుంకం ఎట్టాల. శనోరం పయనం కూడదు. ఆదోరం సూద్దాం."

"ఓడ ఎల్లిపోతాది."

"ఓడోల్లకి ఆడపిల్లలు నేరేటి? సెప్తే ఇనుకుంటారు."

ఇంత చదువుకున్నవాణ్ణి ఒకణ్ణి ఉన్నానని గుర్తొచ్చి నేను కల్పించుకున్నాను. ఆదివారం బయల్దేరితే ఓడ దొరకదనీ, మళ్లీ ఓడ ఎప్పుడో ఏమిటో అనీ, ఆయనకి నచ్చజెప్పమనీ డాక్టరమ్మతో అన్నాను. ఆవిడ వసారాలో తాళ్లు కట్టిన పెట్టెల వైపు చూసింది.

"నచ్చసెప్పడానికేటున్నాది పంతులూ," అంది చివరికి. "తమ్ముడు పంపనన్నాక ఎలాగెల్తాను?"

సాలూరు తంతి ఆఫీసు

శుక్రవారం పొద్దున్న నేను బయల్దేరాను. నన్ను ఎవరూ ఆపలేదు. "పంతులికేటి, ఏ వారమైనా ఎల్లొచ్చు," అన్నాడు నాయుడు. సంచీ నిండా చోళ్లూ, బెల్లం దిమ్మా ఇచ్చాడు గానీ ఆ మాటకి నేను కాస్త చిన్నబుచ్చుకున్నాను, దాచడం దేనికి.

లారీ కదిలే ముందు డాక్టరమ్మ ఒక కాయితం ఇచ్చి, సాలూరులో తంతి కొట్టించమంది. మద్రాసులో ఆవిడ ప్రయాణం చూసే ఆఫీసుకి. ఇంగ్లీషులో ఉన్న ఆ మాటలు తెలుగులో ఇవి: "రావడం ఆలస్యం. శుక్రవారం మా తమ్ముడు పంపనంటున్నాడు."

తంతి ఆఫీసు గుమాస్తా ఆ ఊళ్లో చాలా ఏళ్లుగా ఉన్నవాడు. ఆవిడ దస్తూరీ చూడగానే గుర్తుపట్టాడు. చదివి, కళ్లజోడు సవరించుకుని, మళ్లీ చదివాడు.

"ఇదేటండి, డాక్టరమ్మకి ఎవులూ నేరు గదా. సీమ నుంచి ఎన్నడూ ఒక్క తంతైనా రానేదు. ఈ తమ్ముడెవులు?"

"జీలుగువలసలో ఉన్నాడండీ."

"ఎప్పటినుంచి?"

"నిన్న సాయంత్రం నుంచి," అన్నాను.

అతను చిరునామా ఒకసారి సరిచూసుకుని, తంతి కొట్టడం మొదలుపెట్టాడు.